గారు లేని అల్లుడు

జానెడు తాత పొడుగు మనిషే. ఆ పేరు ఆయన ఎత్తు చూసి పెట్టింది కాదు. మా అత్తవారి పెరట్లో ఏ మడి చూసినా, చుట్టూ జానెడు వెడల్పున నేల బోడిగా, గడ్డిపరక లేకుండా ఉండేది. బొటనవేలు ఇక్కడ, చిటికెనవేలు అక్కడ పెట్టి కొలిచి, ఆ జానెడులోకి తల దూర్చిన ప్రతిదాన్నీ మూడు రోజులకోసారి కోసేవాడు. అలా ఆ ఇంటి తోటమాలిగా ఇరవై ఆరేళ్ళు కోశాడు. ఆయన్ని ఆ పెరట్లోంచి వెళ్ళగొట్టింది నేను. ఎలా వెళ్ళగొట్టానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే, అక్కడ నమ్మకండి.

నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాను. ఈ మాట అనడానికి ఇప్పటికీ గొంతు సవరించుకోవాల్సి వస్తుంది. మా మామగారిది కళ్ళద్దాల షాపు. వెనక గదిలో అద్దాలు అరగదీసే పనికి చేరాను. నా చేతిపని ఆయనకి నచ్చింది. కళ్ళు పరీక్ష చెయ్యడం నేర్పించారు, ముందు గదిలో కూర్చోబెట్టారు, ఆఖరికి ఒక్కగానొక్క కూతుర్నిచ్చి ఇంట్లోనే కూర్చోబెట్టారు. ఆయన పోయి రెండేళ్ళయినా షాపుకొచ్చేవాళ్ళు నా మొహం చూసి, "పెద్దాయన లేరా?" అని అడుగుతూనే ఉండేవాళ్ళు. ఎవరూ ఏమీ అనకపోయినా భుజాలు తడుముకోవడం నాకు బాగా అలవాటైపోయింది. ఇద్దరు గుసగుసలాడుకుంటే అది నా గురించే. ఎవరైనా నవ్వితే నన్ను చూసే.

ఆ ఇంటి వెనక పెరడు గోడవైపు వాలుగా ఉంటుంది. నేను రాక చాలా ఏళ్ళ ముందు, వానలకి మట్టి జారిపోయి గోడ పునాది రాళ్ళు బయటపడ్డాయట. అప్పుడు మొక్కలమ్మే ఆయనెవరో చారెడు తీగముక్కలు ఊరికే ఇచ్చి, గోడ మొదట్లో గుచ్చమన్నాడు. నేలమీద చాపలా పరుచుకునే తీగ. నున్నటి ఆకులు, పసుప్పచ్చటి చిన్న చిన్న పూలు. చూడ్డానికి ఎంత సాధువో చెప్పలేను. మట్టిని గట్టిగా పట్టుకుంది, గోడ నిలబడింది. అయితే కణుపు కణుపుకీ వేరు దింపుకుంటూ ఏడాది తిరక్కుండా మెట్లదాకా వచ్చేసింది. ఇంట్లో అందరూ దాన్ని పచ్చతీగ అనేవాళ్ళు. మామగారు సొంత చేత్తో అంట్లు కట్టి పెంచిన పన్నెండు గులాబీలు ఆ మెట్ల పక్కనే ఉండేవి. వాటికీ ఆ తీగకీ మధ్య ఉన్నది తాత ఒక్కడే.

ఆయన పని చూస్తే పని చేస్తున్నట్టుండదు. మడుల చుట్టూ వరసగా ఇటుకలు సగానికి పాతి ఉండేవి. చదునైన పార ఆ ఇటుకల పక్కన నిలువుగా దింపి, కాలితో ఒక్కసారి నొక్కి, పైనున్న తీగా కిందున్న వేరూ ఒకేసారి తెంపేవాడు. తరవాత గొంతుక్కూర్చుని, తెగిన ముక్కలన్నీ బుట్టలోకి ఏరేవాడు. గోరంత ముక్క కూడా వదిలేవాడు కాదు. ఎరువు గుంటలో వెయ్యనిచ్చేవాడు కాదు. బట్టలుతికే బండమీద పరిచి, ఎండకి గలగలలాడేదాకా ఎండబెట్టేవాడు.

"కొయ్యడం సగం పనే బాబూ. ఏరడం మిగతా సగం. ఒక్క కణుపు జారిపోయిందనుకో, రేపు అక్కడ ఇంకో సంసారం పెడుతుంది," అనేవాడు.

పది గంటలకి మా అత్తగారు వెనక వసారాలో పేము కుర్చీలో కూర్చునేవారు. తాత రెండో మెట్టుమీద కూర్చుని ఆ రోజు తోట సంగతులన్నీ చెప్పేవాడు. ఏ గులాబీకి మొగ్గ వచ్చింది, ఏ ఆకుకి పురుగు పట్టింది, పక్కింటి పిల్లి ఎక్కడ తవ్వింది. మామగారు పోయాక ఆవిడ నవ్వు వినిపించేది ఆ అరగంటలోనే. మిగతా రోజంతా ఆవిడ గోడమీది గడియారం వంక చూస్తూ గడిపేవారు.

నాతో తాత మొదటి ఏడాది ‘మీరు’ అనేవాడు. ఒక వానాకాలం ఇద్దరం కలిసి పడిపోయిన పందిరి నిలబెట్టాం. ఆ తడిలో, ఆ హడావుడిలో, "నువ్వు అటు పట్టుకో బాబూ!" అన్నాడు. ఆ తరవాత మళ్ళీ ‘మీరు’లోకి వెళ్ళలేదు. ఆ ఇంట్లో అందరికీ నేను అల్లుడుగారిని. ఒక్క ఆయనకే ‘నువ్వు’ని. ఆ ‘నువ్వు’ నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఆ వారమే షాపుకి కొత్త బోర్డు రాయించడానికి ఇచ్చాను. మామగారి పేరు కింద చిన్న అక్షరాలతో నా పేరు కూడా వెయ్యమన్నాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు కానీ, అనుకుంటారేమోనని నాకు లోపల పీకుతూనే ఉంది. మధ్యలో ఏదో సామాను మర్చిపోయి పదింటికి ఇంటికొచ్చాను. మొహం కడుక్కుందామని స్నానాలగదిలోకి వెళ్ళాను. ఆ గది కిటికీ వెనక వసారాలోకి ఉంటుంది. అత్తగారి గొంతు వినపడింది.

"ఏమయ్యా, అల్లుడు ఎంతదాకా వచ్చాడు?"

"మెట్టెక్కేశాడమ్మా. వదిలేస్తే రేపు తిన్నగా వంటింట్లోనే కూర్చుంటాడు."

"మొన్ననేగా బుద్ధి చెప్పావు?"

"వీడికి సిగ్గా శరమా? ఇక్కడ తంతే అక్కడ లేస్తాడు. చూడ్డానికేమో మెత్తన. వేరు దిగిందంటే అయ్యగారిది ఒక్కటి మిగలనివ్వడు."

అత్తగారు నవ్వారు. పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు అది. "పోనీ, ఒక్కసారే బయటికి గెంటేస్తే పీడ విరగడైపోతుంది కదయ్యా," అన్నారు.

"అదేం మాటమ్మా, మన అవసరానికి తెచ్చుకున్నాం. వాడు లేకపోతే గోడ నిలబడదు. ఉంచుకోవాల్సిందే. హద్దులో ఉంచుకోవాలి, అంతే."

నా మొహమ్మీద నీళ్ళు అలాగే ఉన్నాయి. తుడుచుకోవాలని తోచలేదు. అల్లుడు. గారు లేదు. వాడు, వీడు. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో చప్పుడు కాకుండా తలుపులు వేశాను, గట్టిగా దగ్గకుండా బతికాను. నా వెనక నా పేరు ఇదన్నమాట. అత్తగారు అన్నందుకు కాదు, తాత అన్నందుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్తగారిని ఏమీ అనలేను. అనగలిగింది ఆయన్నే. నేను అన్నది కూడా ఆయన్నే.

మర్నాడు పొద్దున్నే, ఆయన రాకముందే పెరట్లోకి వెళ్ళాను. గోడ దగ్గర్నుంచి మూరెడు తీగ లాగి, ఇటుకలమీదుగా గులాబీ మొదట్లోకి తెచ్చి పెట్టి, కొసని మట్టిలోకి కొంచెం దోశాను. ఎవరైనా చూస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. చూడ్డానికి ఎవరూ లేరు.

తాత వచ్చాక పిలిచాను. "ఇదేంటి తాతా?"

వంగి చూశాడు. వేళ్ళతో తడిమాడు. "నిన్న సాయంత్రం ఇక్కడే కోశానే!"

"కోశావు. ఇది మాత్రం కనపడలేదు."

"మూరెడు తీగ కనపడకపోవడమేంటి బాబూ..." అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

నేను జేబులోంచి షాపు టార్చిలైటు తీశాను. ముందే పెట్టుకుని వచ్చాను. ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, రెండు కళ్ళలోకీ వెలుగు వేశాను. షాపులో రోజుకి పాతికమంది గడ్డాలు అలాగే పట్టుకుంటాను. ఆయన చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఆ కళ్ళకి ఏమీ కాలేదు. వయసుకి తగ్గ కళ్ళు, అంతే.

"మసక మొదలైంది తాతా. ఇది అద్దాలకి లొంగేది కాదు. కత్తీ పారా ఇంక ముట్టుకోకు. ఏదో ఒకరోజు కాలిమీద వేసుకుంటావు," అన్నాను.

"నువ్వు చెప్పావంటే ఇంక తిరుగేముంది బాబూ," అన్నాడు. మళ్ళీ, "అమ్మగారికి తెలుసా?" అని అడిగాడు.

"ఆవిడే చెప్పమన్నారు. నీతో అనడానికి మొహమాటపడుతున్నారు."

ఈ అబద్ధం నేను ముందు అనుకున్నది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది, అంత తేలిగ్గా. తాత పారకి అంటిన మట్టి కడిగాడు. గుడ్డతో తుడిచాడు. వసారా గోడకి ఆనించి, పక్క గేటులోంచి వెళ్ళిపోయాడు. పదింటికి అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంటే, "తాత ఇంక చెయ్యలేనన్నాడు అత్తయ్యా. ఓపిక లేదట. వెళ్ళిపోయాడు," అని చెప్పాను.

"నాతో ఒక్క మాట చెప్పకుండానే?" అన్నారావిడ. భోజనాల దగ్గర మళ్ళీ అన్నారు. సాయంత్రం కూతురితో ఇంకోసారి అన్నారు. మర్నాటి నుంచి ఆవిడ వెనక వసారాలో కూర్చోవడం మానేశారు.

తరవాత ఎనిమిది నెలలు ఆ తోటని నేను ఏలాను. ముందు, ఆ జానెడు బోడినేల చూడ్డానికి బావులేదని, మట్టి పోయించి చదును చేయించాను. గడ్డి కోసే మిషనుతో ఒకాయన వచ్చాడు. మిషను ఆ తీగమీద నడిపించాడు. పావుగంటలో పనైపోయింది, తాత అయితే పూటంతా పట్టేది కదా అని తెగ సంబరపడ్డాను. మిషను విసిరిన ముక్కలు పెరడంతా పడ్డాయి. సాయంత్రం పైపుతో నేనే నీళ్ళు కూడా పట్టాను. పది రోజులకి ప్రతి ముక్కా రెండేసి ఆకులు తొడిగింది. కోసిన కొద్దీ పెరిగింది, పెరిగిన కొద్దీ కోయించాను. వానలు పడ్డాక ఇంక ఇటుకలే కనపడలేదు. గులాబీల మొదళ్ళలోకి పోయి, వాటి నీళ్ళు తాగి, కొమ్మలమీద పడుకుంది. ఒక్కొక్కటే ఎండిపోయాయి. అయినా నాకేం అనిపించలేదు. పైనుంచి చూస్తే పచ్చగా, పూలతో, బాగానే ఉంది కదా అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ, నాన్న ఫొటో దగ్గర పెట్టడానికి ఒక్క గులాబీ అయినా దొరుకుతుందేమోనని పెరట్లోకి వెళ్ళింది. నేను మెట్లమీద పేపరు చదువుకుంటున్నాను.

"అయ్యయ్యో! అల్లుడు గులాబీలన్నీ మింగేశాడు!" అంది.

అనేసి, నన్ను చూసి నాలిక కరుచుకుంది.

పేపరు పక్కన పెట్టాను. "ఎవరు?" అన్నాను.

"ఏం లేదండీ. పచ్చతీగ."

"అల్లుడన్నావు."

కొంచెంసేపు నసిగింది. తరవాత చెప్పేసింది. ఆ పేరు పెట్టింది మామగారట, తనకి పన్నెండేళ్ళప్పుడు. నాలుగు ముక్కలు గుచ్చితే ఏడాదికల్లా పెరడంతా తనదే అన్నట్టు కాళ్ళు చాపుకుని పడుకుంది, దీనికి అల్లుడని పేరు పెట్టండి అన్నారట. ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది. మా పెళ్ళికి ముందు రోజు మామగారు ముగ్గుర్నీ, అంటే మా అత్తగారినీ మా ఆవిడనీ తాతనీ, కూర్చోబెట్టి, "ఆ కుర్రాడు మన ఇంట్లో ఉండటానికి వస్తున్నాడు. చెవిన పడితే నొచ్చుకుంటాడు. ఇవాళ్టి నుంచి దాని పేరు పచ్చతీగ," అని చెప్పారట.

"తాతకి నోరు తిరిగేది కాదు పాపం. మిమ్మల్ని చూడగానే అ... అ... అని ఆగి, పచ్చతీగ అనేవాడు. మీరు షాపుకెళ్ళాక అమ్మా ఆయనా మాత్రం పాత పేరే అనుకుని నవ్వుకునేవాళ్ళు. ఏమీ అనుకోకండి. మీ చెవిన పడకూడదనే ఇన్నేళ్ళూ..." అంది.

ఆవిడ ఇంకా ఏదో చెప్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళు నలుగురు మనుషులు నా మనసు నొచ్చుకోకుండా ఒక మాటని నాలిక కింద దాచుకున్నారు. అందులో ఒకాయన చనిపోయేదాకా దాచాడు. నేనేమో కిటికీ చాటున నాలుగు మాటలు విని, ఒక ముసలాయన కళ్ళు తీసేశాను. మా ఆవిడ మొహం చూడలేకపోయాను. చొక్కా తగిలించుకుని బయటికి నడిచాను. ఎక్కడికని కూడా చెప్పలేదు.

తాత ఉండేది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆయన కూతురు కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. లోపల మంచమ్మీద తాత. నా గొంతు విని లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. ఆయన గోడ పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బళ్ళో తోటపని మానేశాడండీ, డాక్టరుగారింట్లో కూడా మానేశాడు," అంది కూతురు. "రోడ్డు దాటమన్నా ఒక్కడూ దాటడు. పోయినేడాది దాకా నా సూదుల్లో దారం ఎక్కించి పెట్టింది ఆయనే. ఇప్పుడిస్తే వద్దంటాడు, కనపడదులే అంటాడు. కళ్ళు చూసేవాళ్ళు మీరే చెప్పాక మేమేం చేస్తాం?"

నేను అక్కడే చెప్పేయాల్సింది. కూతురి ముందు నోరు రాలేదు. "అమ్మగారు ఒక్కసారి రమ్మంటున్నారు తాతా," అన్నాను. అదీ అబద్ధమే. ఆ మాట వినగానే ఆయన లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. దారంతా నా మోచెయ్యి పట్టుకుని నడిచాడు. ఆ పట్టు నాకు ఇంకా తెలుస్తూనే ఉంది.

అత్తగారిని వెనక వసారాలోకి పిలిచాను. కుర్చీలో కూర్చున్నారు కానీ, మొహం అటు తిప్పుకున్నారు. "చెప్పకుండా పోయినవాళ్ళకి ఇప్పుడేం పని?" అన్నారు గోడతో.

"మీరే ఇంక వద్దన్నారని వెళ్ళానమ్మా," అన్నాడు తాత.

"నేనెప్పుడన్నాను?"

ఇద్దరూ నా వైపు చూశారు. నిలబడే చెప్పాను. కిటికీలోంచి విన్న సంగతి, అది నా గురించే అనుకున్న సంగతి, ఆయనతో ఒకటీ ఈవిడతో ఒకటీ చెప్పిన సంగతి. తీగ లాగి పెట్టిన సంగతి మాత్రం చెప్పలేదు. అదొక్కటీ దాచుకుందామనే చూశాను. అంత సిగ్గులో కూడా కొంచెం మంచివాణ్ణి మిగుల్చుకుందామని చూశాను.

"అడగొచ్చు కదా నాయనా. ఎనిమిది నెలలు..." అన్నారు అత్తగారు. అంతకంటే ఏమీ అనలేదు. తిట్టినా బావుండేది.

తాత మాత్రం అల్లుడి సంగతి అసలు పట్టించుకున్నట్టు లేదు. కళ్ళు చికిలించి, తెరిచి, పెరటి చివరి గోడ వైపు చూస్తున్నాడు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా బాబూ?"

"బాగానే ఉన్నాయి తాతా."

"మరి ఆ రోజు ఇటుకమీద తీగ కనపడలేదే?"

ఇంక దాక్కోవడానికి చోటు లేదు. "అది నువ్వొచ్చేముందు నేను లాగి పెట్టింది," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. సూటిగా, కన్నార్పకుండా చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని వెతికాను. ఉంటే కాళ్ళమీద పడేవాణ్ణి. లేదు. తరవాత మెట్టుమీద వంగి, రెండు రాళ్ళ మధ్య సందులోంచి, నేను ఆ పొద్దంతా కూర్చుని కూడా చూడని రెండాకుల మొలకని గోటితో వేరుతో సహా తీశాడు. చిన్నది, ఆవగింజలకంటే ఏమంత పెద్దవి కావు ఆ ఆకులు. అరచేతిలో పెట్టుకుని తనే కాసేపు చూసుకున్నాడు. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

పార ఎనిమిది నెలల క్రితం ఆయన ఆనించిన చోటే, నా వీపు వెనక గోడకి ఉంది.

"మీరు కొంచెం పక్కకి జరుగుతారా అల్లుడుగారూ," అన్నాడు తాత. "పార తీసుకోవాలండీ."

జరిగాను.